విశ్రాంత రాయబారిని పద్మశ్రీకి నామినేట్ చేయడం: ఏది రాయాలి, ఏది వదిలేయాలి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ జిల్లాకు చెందిన ఒక పెద్దాయన ఇండియన్ ఫారిన్ సర్వీసులో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి, రెండు దేశాల్లో రాయబారిగా ఉండి రిటైరయ్యారు. తర్వాత సొంత ఊళ్లో ట్రస్టు పెట్టి గల్ఫ్‌కు వెళ్లిన కార్మికుల కుటుంబాలకు సాయం చేస్తున్నారు, ఆడపిల్లల చదువుకు డబ్బు ఇస్తున్నారు. ఆయన పేరు పద్మశ్రీకి పంపాలంటే కలెక్టర్ ద్వారా వెళ్లాలా, ఎవరి సిఫార్సు కావాలి, నామినేషన్ ఫారంలో ఆయన సేవ గురించి రాయాల్సిన 800 పదాల్లో ఏం రాయాలి అన్నది మీ సందేహం.

సిఫార్సు సంగతి ముందు తేల్చేద్దాం. కలెక్టర్ ద్వారానే, ఎమ్మెల్యే లేఖతోనే వెళ్లాలన్న నియమం ఏదీ లేదు. దేశ పౌరులెవరైనా రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్ అవార్డ్స్.గవ్.ఇన్‌లో నేరుగా నామినేట్ చేయవచ్చు. తన పేరు తానే పంపుకోవడానికి కూడా అనుమతి ఉంది. రాష్ట్ర ప్రభుత్వాలు, కేంద్ర మంత్రిత్వ శాఖలు విడిగా తమ సిఫార్సులు పంపుతాయి. దానికోసం సాధారణ పరిపాలన శాఖ కలెక్టర్ల నుంచి పేర్లు తెప్పించుకుంటుంది. ఆ దారిలో కూడా పేరు వెళ్తే మంచిదే, కానీ దానికోసం ఆగి గడువు పోగొట్టుకోవద్దు. ఫీజు ఏమీ లేదు. ‘ఢిల్లీలో మనవాళ్లు ఉన్నారు, పని జరిపిస్తాం’ అని డబ్బు అడిగేవాళ్లు ఏటా తయారవుతారు. వాళ్లను గుమ్మం దగ్గరే ఆపేయండి.

గడువు విషయంలో పాత లెక్క నమ్ముకోవద్దు. 2025 అవార్డులకు నామినేషన్లు 2024 మే 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు తీసుకున్నారు. 2026 అవార్డులకు అదే గడువును 2025 మార్చి 15 నుంచి జులై 31 వరకే అని ప్రకటించారు. అంటే నెలన్నర ముందుకు జరిగింది. వినాయక చవితి దాకా టైముందిలే అనుకునే అలవాటు ఇక పనికిరాదు. మార్చి మొదట్లోనే పోర్టల్ చూడండి, కాగితాలు ఫిబ్రవరికి చేతిలో ఉండాలి. ఆడిట్ నివేదికలు, రసీదులు వెతికి పట్టుకోవడానికే నెల పడుతుంది. రాయడానికి పట్టే సమయం అంతకన్నా తక్కువ.

ఇక అసలు చిక్కు. మాజీ దౌత్యవేత్తలకు వేసే నామినేషన్లలో ఎక్కువగా దెబ్బతినేది విభాగం దగ్గర. పద్మ పురస్కారాలు కళ, సామాజిక సేవ, ప్రజా వ్యవహారాలు, సైన్స్ ఇంజినీరింగ్, వాణిజ్యం పరిశ్రమలు, వైద్యం, సాహిత్యం విద్య, సివిల్ సర్వీస్, క్రీడలు వంటి విభాగాల కింద ఇస్తారు. దౌత్యంలో చేసిన పనికి పద్మ వచ్చినవాళ్లు ఉన్నారు: విదేశాంగ కార్యదర్శిగా పనిచేసిన శ్యామ్ శరణ్‌కు 2011లో పద్మభూషణ్, ఎస్. జైశంకర్‌కు 2019లో పద్మశ్రీ, రెండూ సివిల్ సర్వీస్ విభాగంలోనే. విదేశీ దౌత్యవేత్తలైతే ప్రజా వ్యవహారాల కింద కనిపిస్తారు. భారత్‌లో అమెరికా రాయబారిగా ఉన్న రాబర్ట్ బ్లాక్‌విల్‌కు 2016లో, బంగ్లాదేశ్ హైకమిషనర్‌గా ఉన్న సయ్యద్ ముఅజ్జెమ్ అలీకి మరణానంతరం 2020లో పద్మభూషణ్ ఆ విభాగంలో వచ్చాయి.

మీరు పంపబోయేది సామాజిక సేవ విభాగంలో. అక్కడ ఆయన పక్కన నిలబడేది ఇతర రాయబారులు కాదు. ఆదివాసీ గూడెంలో నలభై ఏళ్లు మందులిచ్చిన నర్సులు, అనాథ శవాలకు అంత్యక్రియలు చేసేవాళ్లు, ఊరి చెరువును సొంత చేతులతో తవ్వినవాళ్లు. వాళ్ల కథ ముందు ‘రెండు దేశాల్లో రాయబారి’ అన్న మాట బలం కాకపోగా బరువవుతుంది. పెన్షన్, పలుకుబడి, పరిచయాలు ఉన్న మనిషి ఏం చేసినా అందులో గొప్పేముంది అని చదివేవాడు అనుకునే ప్రమాదం ఉంది. ఆ అనుమానాన్ని కాగితంలోనే తీర్చాలి. ఉద్యోగంలో చేసింది ఉద్యోగం, దానికి జీతం తీసుకున్నారు. ఉద్యోగంతో సంబంధం లేకుండా, తన డబ్బు, తన సమయం పెట్టి చేసిందే మీ నామినేషన్. ఈ గీత గీయలేకపోతే 800 పదాలూ రెండు విభాగాల మధ్య వేలాడతాయి.

పద్మ మార్గదర్శకాల్లో ఉన్న కొలమానం కూడా దీన్నే అడుగుతుంది. ఒక రంగంలో ప్రతిభ ఉంటే చాలదు, ఆ ప్రతిభకు మించి ఇంకేదో ఉండాలి, అందులో ప్రజాసేవ అంశం తప్పక కనిపించాలి అంటుంది. రాయబారికి ప్రతిభ ఉందని ఎవరూ కాదనరు. ఆ మిగతాదాన్ని చూపించాల్సింది మీరు.

ఉదాహరణకు గల్ఫ్ పని తీసుకోండి. మీరు పంపిన వివరాల్లో ‘రాయబారిగా ఉన్నప్పుడు వందలాది తెలుగు కార్మికుల మృతదేహాలను స్వదేశానికి పంపించారు, జైళ్లలో ఉన్నవారికి టికెట్లు ఇప్పించారు’ అని ఉంది. ఇది చాలామంది చేసే పొరపాటు. 2009 నుంచి రాయబార కార్యాలయాల్లో ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అని ఒక నిధి ఉంది. ఆపదలో ఉన్న భారతీయులకు తాత్కాలిక వసతి, అత్యవసర వైద్యం, తిరుగు టికెట్టు, మృతదేహం తరలింపు వంటి ఖర్చులు అందులోంచే పెడతారు. పాస్‌పోర్టు, వీసా వంటి కాన్సులర్ సేవలకు వసూలు చేసే చిన్న మొత్తాలతోనే ఎక్కువగా ఆ నిధి నడుస్తుంది. దాన్ని ఆయన వ్యక్తిగత దానంగా రాస్తే, విదేశాంగ శాఖ పని తెలిసినవాళ్లు మొదటి పేరాలోనే పట్టేస్తారు, మిగతా కాగితం మీద నమ్మకం పోతుంది. యుద్ధ సమయంలో జనాన్ని తరలించిన సంఘటనలూ అంతే. 2015లో యెమెన్ నుంచి జరిగిన ఆపరేషన్ రాహత్‌లో వాయుసేన, నౌకాదళం, ఎయిరిండియా, కేంద్ర మంత్రి స్థాయి నాయకత్వం అన్నీ ఉన్నాయి. అలాంటి చోట ఒక్కరి పేరు మీద మొత్తం ఘనత వేయడం కుదరదు. ఆయన అందులో స్వయంగా చేసిన ఒక పని, రికార్డులో ఉన్నది ఉంటే ఒక వాక్యం రాయండి, చాలు. ప్రభుత్వ రహస్యాలకు దగ్గరగా వెళ్లే చర్చలు, కేబుళ్లు (రాయబార కార్యాలయాలు పంపే అధికారిక సందేశాలు), సంప్రదింపుల వివరాలైతే అసలు ముట్టుకోవద్దు. అధికార రహస్యాల చట్టం రిటైరయ్యాక కూడా వర్తిస్తుంది.

రిటైరయ్యాక ట్రస్టు ద్వారా చేసిన గల్ఫ్ పని మాత్రం బంగారం లాంటిది, కానీ లెక్క సరిగ్గా రాయాలి. ఇక్కడ మూడు రకాల డబ్బు కలిసిపోతుంది. ఇమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన పాస్‌పోర్టుతో వెళ్లే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల బీమా ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తోంది. వీటికి తోడు గల్ఫ్ యజమాని నుంచి రావలసిన జీతం బకాయిలు, సర్వీసు చివరి చెల్లింపు ఉంటాయి. ట్రస్టు ఈ డబ్బు ఇవ్వలేదు, కాగితాలు నడిపి ఇప్పించింది. కాబట్టి ‘3 కోట్ల సాయం చేశారు’ అని రాస్తే తప్పు. ‘ఇన్ని కుటుంబాలకు రావలసిన ఇంత మొత్తాన్ని ఉచితంగా ఇప్పించారు, ట్రస్టు సొంతంగా ఇంత ఖర్చు పెట్టింది’ అని విడదీసి రాస్తే నిజం, పైగా ఇదే ఎక్కువ ఆకట్టుకుంటుంది. ఎందుకంటే అరబిక్ కాగితం చదివి, లేబర్ కోర్టులో కేసు ఎక్కడ ఆగిందో కనుక్కుని, పవర్ ఆఫ్ అటార్నీ ఎలా ధ్రువీకరించాలో జగిత్యాల పల్లెలోని వితంతువుకు చెప్పగలిగే మనిషి అరుదు. ఆయన పాత ఉద్యోగం ఈ సేవకు పనికొచ్చిన చోటు ఇదే. దౌత్య జీవితాన్ని నామినేషన్‌లోకి తీసుకురావలసింది కూడా ఈ తలుపులోంచే.

స్కాలర్‌షిప్‌ల లెక్కలోనూ ఒక గుంట ఉంది. ఒక అమ్మాయికి ఇంటర్ నుంచి ఇంజినీరింగ్ దాకా ఆరేళ్లు డబ్బు ఇస్తే, ట్రస్టు రిజిస్టర్లో ఆరు చెల్లింపులు ఉంటాయి. అవన్నీ కూడి ‘600 మంది విద్యార్థినులు’ అని రాసేస్తారు, నిజానికి వంద మందే ఉంటారు. ముందు మనుషుల సంఖ్య, తర్వాత ఎన్నేళ్లు ఇచ్చారు, వారిలో ఎంతమంది చదువు పూర్తి చేశారు అని విడివిడిగా రాయండి. చదువు మానేసినవాళ్ల సంఖ్య కూడా ఇస్తే నష్టం లేదు, నమ్మకం పెరుగుతుంది.

‘దాత’ అన్న మాటకు కాగితం కావాలి. ఆయన సొంత డబ్బు ఎంత, ఇతరుల విరాళాలు ఎంత, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్సార్ సొమ్ము ఎంత అన్నది మూడు వరసల్లో తీయించండి. 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి, 80జీ అనుమతి (దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చేది) ఉన్న ట్రస్టులు విరాళాల వివరాలను 10బీడీ ఫారంలో దాఖలు చేసి, దాతలకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆయన తన ట్రస్టుకే ఇచ్చిన విరాళాలకు ఈ సర్టిఫికెట్లు ఉంటే అంతకన్నా గట్టి రుజువు లేదు. అంతకుముందు సంవత్సరాలకు రసీదు పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆడిటర్ ధ్రువీకరణ చూసుకోవాలి. ట్రస్టు డీడ్ నకలు, 12ఏబీ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చేది), 80జీ రిజిస్ట్రేషన్ పత్రాలు, గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు, స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ ఐడీ ఒక ఫోల్డర్లో పెట్టండి. ఇవన్నీ అప్‌లోడ్ చేయాలని కాదు. పరిశీలనకు ఎవరైనా వస్తే ట్రస్టు ఆఫీసులో ఒక్క గంటలో చూపించగలగాలి.

రిజిస్ట్రేషన్ గడువులు కూడా ఒకసారి చూడండి. 12ఏబీ, 80జీ అనుమతులు ఇప్పుడు శాశ్వతం కావు, కాలపరిమితికి తిరిగి పునరుద్ధరించుకోవాలి. పునరుద్ధరణ మరిచిపోయిన ట్రస్టు పేరు మీద నామినేషన్ వెళ్లి, విచారణలో అది బయటపడితే పెద్దాయన చేసిన మంచికంటే ఆ లోపమే ఎక్కువ కనిపిస్తుంది.

మాజీ దౌత్యవేత్తల ట్రస్టుల్లో ప్రత్యేకంగా చూడాల్సింది విదేశీ విరాళాలు. ఆయన పాత పరిచయాల వల్ల విదేశాల్లోని స్నేహితులు, ప్రవాసులు డబ్బు పంపుతారు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత పొదుపులోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డుతో ఉంటే, ఆయన ఇచ్చేది విదేశీ విరాళమే. అప్పుడు ట్రస్టుకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి, పాలనా ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు, ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. డల్లాస్‌లో ఉన్న మన ఊరి డాక్టరుగారు ఓసీఐ కార్డుదారుగా ట్రస్టు మామూలు ఖాతాలోకి లక్ష రూపాయలు వేస్తే, అది చిన్న విషయంలా కనిపించే పెద్ద ఉల్లంఘన. నామినేషన్‌లో ‘విదేశాల నుంచి విరివిగా విరాళాలు సేకరించారు’ అని గర్వంగా రాసే ముందు ఈ లెక్క ఒకసారి ట్రస్టు ఆడిటర్‌ను అడగండి. పేరు పరిశీలనలో ముందుకెళ్తే, కేంద్ర సంస్థల ద్వారా ఆ వ్యక్తి పూర్వాపరాలు వాకబు చేయిస్తారన్నది గుర్తుంచుకోండి.

అర్హత దగ్గర ఒక్క మెలిక. వైద్యులు, శాస్త్రవేత్తలు మినహా ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల్లో పనిచేసేవారు పద్మకు అర్హులు కారు. రిటైరైన రాయబారికి ఈ అడ్డు లేదు. కానీ రిటైరయ్యాక ఏదైనా ప్రభుత్వ సంస్థలో జీతం తీసుకునే పదవిలో ఉన్నారేమో కనుక్కోండి. ఉంటే ఆ నియామక పత్రం చూసి ముందుకెళ్లండి.

పేరు, హోదా రాయడంలో తెలుగువాళ్లకు ఉండే ఇబ్బంది తెలిసిందే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌పోర్టులో చివర, పత్రికల్లో పొడి అక్షరాలతో, ట్రస్టు డీడ్‌లో వేరే స్పెల్లింగుతో ఉంటుంది. గుర్తింపు పత్రంలో ఉన్న రూపమే అన్నిచోట్లా వాడండి, మిగతా రూపాలను ఒక్కసారి ‘ఈ పేరుతో కూడా పిలుస్తారు’ అని చెప్పండి. ‘ఐఎఫ్‌ఎస్’ అని మూడక్షరాలు రాసి వదిలేయొద్దు, అటవీ శాఖ వాళ్లకూ అదే పొట్టిపేరు. కామన్వెల్త్ దేశాల్లో ఆయన పదవి హైకమిషనర్, మిగతా చోట్ల రాయబారి, కాన్సులేట్‌లో పనిచేస్తే కాన్సుల్ జనరల్. ఈ మాటలు కలగాపులగం చేస్తే చదివేవాళ్లలో విదేశాంగ శాఖ అనుభవం ఉన్నవారికి చిరాకు. ఇంకోటి, మన నగరాల్లో కొన్ని దేశాలకు గౌరవ కాన్సుల్‌గా ఉండే వ్యాపారవేత్తలు ఉంటారు. వాళ్లు మన ప్రభుత్వ దౌత్యవేత్తలు కారు, ఆ దేశం నియమించిన జీతంలేని ప్రతినిధులు. మీ పెద్దాయన విషయంలో ఈ గందరగోళం లేదు, కానీ ఇది చదివే వేరేవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నా.

ఇప్పుడు ఆ 800 పదాల సంగతి. అది గరిష్ఠ పరిమితి, నింపాల్సిన కోటా కాదు. 650 పదాల్లో విషయం అయిపోతే అక్కడే ఆపండి. కథనంలా ఉండాలి, బయోడేటాలా కాదు. నేనైతే ఇలా పంచుతాను: ఎవరు, ఎక్కడ, ఏ సేవ, ఎప్పటినుంచి అన్నది మొదటి 60 పదాల్లో. దౌత్య జీవితం 90 పదాలు మించకుండా, అదీ సేవకు ఉపయోగపడిన అనుభవంగా. సేవ ఎలా మొదలైంది, ఎలా నడుస్తోంది, ఎవరికి ఏం మారింది అన్నదానికి 400. సొంత డబ్బు, సొంత సమయం ఎంత పెట్టారన్నదానికి 80. ఆయన లేకపోయినా ఆ పని నిలబడుతుందా, ఇతర జిల్లాలవాళ్లు ఆ పద్ధతి తీసుకున్నారా అన్నదానికి మిగతాది. చాలామంది తలకిందులుగా చేస్తారు. పుట్టిన తేదీతో మొదలుపెట్టి, ఏ దేశంలో ఏ ఏడాది ఏ హోదాలో ఉన్నారో వరసగా రాస్తూ 500 పదాలు అయ్యాక ‘రిటైరయ్యాక సేవా కార్యక్రమాల్లో నిమగ్నమయ్యారు’ అని ముగిస్తారు. ఆ చివరి వాక్యమే నామినేషన్ కావాలి.

మన భాషలో సన్మాన పత్రాల ధోరణి ఒకటి ఉంది కదా, ‘మూర్తీభవించిన మానవత్వం, నిస్వార్థ సేవకు నిలువెత్తు నిదర్శనం’ లాంటివి. రవీంద్రభారతి వేదిక మీద అవి బాగుంటాయి. ఇక్కడ ఒక్క విశేషణం కూడా పని చేయదు. వేలల్లో వచ్చే నామినేషన్లలో అందరూ నిస్వార్థులే. కింద రెండు ఉదాహరణలు ఇస్తున్నాను. అంకెలు కేవలం నమూనా కోసం వేసినవి, మీ ట్రస్టు లెక్కలు వాటి స్థానంలో పెట్టుకోండి.

పనికిరాని రకం: ‘ఆయన వేలాది గల్ఫ్ బాధిత కుటుంబాల జీవితాల్లో వెలుగులు నింపారు. పేద విద్యార్థుల పాలిట కల్పతరువుగా నిలిచారు. ఆయన సేవలు అనితర సాధ్యం.’

పనికొచ్చే రకం: ‘2013లో రిటైరైన ఏడాదే పూర్వీకుల రెండెకరాలు అమ్మిన డబ్బుతో ట్రస్టు స్థాపించారు. వారానికి మూడు రోజులు తానే కార్యాలయంలో కూర్చుని గల్ఫ్‌లో ఆగిపోయిన జీతాలు, బీమా, పరిహారం కేసులకు దరఖాస్తులు రాసిపెడతారు. 11 ఏళ్లలో 4 మండలాల్లోని 212 కుటుంబాలకు రావలసిన 2 కోట్ల 90 లక్షల రూపాయలు ఇప్పించారు, ఒక్క కుటుంబం నుంచీ రుసుము తీసుకోలేదు. 37 కేసులు ఇంకా నడుస్తున్నాయి. దరఖాస్తు చేసే పద్ధతిని తెలుగులో చిన్న పుస్తకంగా ముద్రించి గ్రామ పంచాయతీలకు ఉచితంగా ఇచ్చారు.’

రెండోదాంట్లో ప్రతి వాక్యాన్నీ ఎవరైనా వెళ్లి సరిచూడవచ్చు. అదే తేడా. ‘37 కేసులు ఇంకా నడుస్తున్నాయి’ అన్న వాక్యం తీసేయమని ట్రస్టువాళ్లు అంటారు, తీయొద్దు.

ఫారం నింపేటప్పుడు ఇంగ్లీషులో రాస్తారు కాబట్టి ముందు తెలుగులో రాసుకుని, ఊళ్లో విషయం తెలిసిన ఇద్దరికి చదివి వినిపించండి. తప్పు అంకె ఉంటే వాళ్లే చెబుతారు. తర్వాత ఇంగ్లీషులో మళ్లీ కొత్తగా రాయండి, తెలుగు వాక్యాన్ని మాటకు మాట తిప్పొద్దు. ఏ స్థాయి అవార్డుకు అన్నచోట పద్మశ్రీ అని పెట్టండి. పద్మశ్రీ విశిష్ట సేవకు, పద్మభూషణ్ ఉన్నత స్థాయి విశిష్ట సేవకు, పద్మవిభూషణ్ అసాధారణ విశిష్ట సేవకు. గతంలో పద్మ వచ్చినవాళ్లకు పై స్థాయి ఇవ్వాలంటే సాధారణంగా ఐదేళ్లు గడవాలి. జిల్లా స్థాయి ట్రస్టు పనికి నేరుగా పద్మభూషణ్ అడగడం వల్ల ఒరిగేది లేదు.

ఉత్తరాల విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. మాజీ సహచరులైన రాయబారులు, మంత్రులు ఇచ్చే లేఖలు సామాజిక సేవ గురించి ఏమీ చెప్పలేవు. వాళ్లు ఆయన్ను ఢిల్లీలో చూశారు, మండలంలో కాదు. ట్రస్టు స్కాలర్‌షిప్‌తో చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి, ఏళ్లుగా ఆ విద్యార్థినులను చూసిన ఒక కాలేజీ ప్రిన్సిపాల్, గల్ఫ్ సమస్యల మీద పనిచేసే వేరే సంఘం ప్రతినిధి, ఈ ముగ్గురి లేఖలు చాలు. ఒక్కోటి ఒక పేజీ, తాము స్వయంగా చూసిందే రాయాలి. అందరి లేఖల్లోనూ ఒకే వాక్యాలు కనిపిస్తే ఎవరో ఒకరు టైపు చేసి సంతకాలు తీసుకున్నారని తెలిసిపోతుంది. వితంతువుల పేర్లు, ఫోటోలు, పాస్‌పోర్టు నకళ్లు మాత్రం ఎక్కడా జత చేయొద్దు. అవసరమైతే కేసు నంబర్ ఇచ్చి వివరాలు ట్రస్టు దగ్గర ఉన్నాయని చెప్పండి.

పత్రికల కటింగులు జిల్లా ఎడిషన్ నుంచి ఐదారు సరిపోతాయి, తేదీ కనిపించాలి. డబ్బు కట్టించుకుని ఇచ్చే ‘గౌరవ డాక్టరేట్లు’, హోటల్ హాల్లో పంచే జాతీయ పురస్కారాలు ఉంటే జాబితాలో పెట్టొద్దు. అవి ఉంటే అసలైనవి కూడా అనుమానంలో పడతాయి.

పోర్టల్లో ముందుగా ఖాతా తెరవాలి. ఆఖరి రోజుల్లో సైటు నెమ్మదిస్తుంది, కాబట్టి కనీసం వారం ముందు సమర్పించి, వచ్చిన రసీదు నంబరు దాచుకోండి. పదాల పరిమితి దాటితే పెట్టె ఒప్పుకోదు. వర్డ్‌లో లెక్కేసుకుని అతికించాక చివరి వాక్యం తెగిపోయిందేమో చూడండి. అతికించేటప్పుడు కొటేషన్ గుర్తులు, రూపాయి గుర్తు చెదిరిపోవడం మామూలే, ‘రూపాయలు’ అని అక్షరాల్లో రాస్తే గొడవ ఉండదు.

ఊళ్లోవాళ్లు అందరూ తలా ఒకటి వేస్తామంటే ఆపండి. ఇది ఓట్ల లెక్క కాదు. ఒకే కథనం యాభై సార్లు వెళ్లినంత మాత్రాన బలం పెరగదు, దాంట్లో పది రకాల అంకెలు ఉంటే మాత్రం నష్టం ఖాయం. ఒక్కటే పూర్తిగా, జాగ్రత్తగా వేయండి. వేరే ఎవరైనా వేస్తే వేరే కోణం నుంచి, ఉదాహరణకు కాలేజీ వైపు నుంచి, తాము చూసిన సంగతులతో వేయాలి.

పంపే ముందు పెద్దాయన్ను అడిగారా? నియమాల ప్రకారం ప్రకటనకు ముందు అవార్డు గ్రహీత లిఖితపూర్వక సమ్మతి తీసుకునే పద్ధతి లేదు. కానీ ప్రభుత్వ సర్వీసులో ఉన్నవాళ్లలో ప్రభుత్వం ఇచ్చే పురస్కారం తీసుకోకూడదన్న పట్టుదల ఉన్నవారూ ఉంటారు. ఐఏఎస్ అధికారిగా పనిచేసి, తర్వాత రక్షణ వ్యవహారాల విశ్లేషకుడిగా పేరుపొందిన కె. సుబ్రహ్మణ్యం 1999లో పద్మభూషణ్ వద్దన్నారు. అధికారులు, జర్నలిస్టులు ప్రభుత్వ పురస్కారాలు తీసుకోకూడదన్నది ఆయన వాదన. పైన చెప్పిన జైశంకర్ ఆయన కుమారుడే. ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలు ఉండగలవు. పుట్టిన తేదీ, ట్రస్టు లెక్కలు ఎలాగూ ఆయన దగ్గరే తీసుకోవాలి, కాబట్టి దాచి చేసే పని కాదు. ‘వద్దయ్యా’ అని మొహమాటంతో అంటే ఒకటి, నిజంగానే వద్దంటే వదిలేయండి.

పంపాక ఏం జరుగుతుందంటే, ఏటా ప్రధాని నియమించే పద్మ అవార్డుల కమిటీ ఈ పేర్లను చూస్తుంది. కేబినెట్ కార్యదర్శి అధ్యక్షత వహిస్తారు, హోం కార్యదర్శి, రాష్ట్రపతి కార్యదర్శి, నలుగురు నుంచి ఆరుగురు ప్రముఖులు సభ్యులు. కమిటీ సిఫార్సులు ప్రధాని, రాష్ట్రపతి ఆమోదానికి వెళ్తాయి. మరణానంతర అవార్డులు, విదేశీయులు, ఎన్నారైలు, ఓసీఐ కార్డుదారులను మినహాయిస్తే ఏడాదికి 120 దాటకూడదు. 2025లో మొత్తం 139 ప్రకటించారు, అందులో 113 పద్మశ్రీలు. దేశం మొత్తం మీద, అన్ని విభాగాలకూ కలిపి ఇంతే. కాబట్టి మొదటి ఏడాది రాకపోతే పని బాగోలేదని కాదు. రాలేదని విడిగా ఉత్తరం రాదు, జనవరి 25 సాయంత్రం జాబితాలో పేరు లేకపోతే అంతే. మరుసటి సంవత్సరం కొత్త లెక్కలతో మళ్లీ వేయండి. ఆ ఏడాదిలో జరిగిన కొత్త పని ఏమీ లేకుండా పాత కాగితమే తేదీ మార్చి పంపడం మాత్రం వద్దు.

పద్మ ఒక్కటే దారి అనుకోవద్దు. నిర్మాణాత్మక సేవ, గ్రామీణాభివృద్ధికి సైన్సు వినియోగం, స్త్రీ శిశు సంక్షేమం, విదేశాల్లో గాంధేయ విలువల ప్రచారం అనే విభాగాల్లో, 1978లో మొదలైన జమ్నాలాల్ బజాజ్ అవార్డులు ఇస్తున్నారు, ఆడపిల్లల చదువు పని మూడోదాంట్లో సరిగ్గా ఇముడుతుంది. మీ పెద్దాయన భారత పౌరుడు, ఇక్కడే నివాసం కాబట్టి ప్రవాసీ భారతీయ సమ్మాన్‌కు సరిపోరు. అది ఎన్నారైలకు, భారత సంతతి విదేశీ పౌరులకు, వాళ్లు నడిపే సంస్థలకు. 2009 నుంచి 2013 దాకా బెలీజ్‌లో అమెరికా రాయబారిగా ఉన్న హైదరాబాదీ వినయ్ తుమ్మలపల్లి లాంటి నేపథ్యం ఉన్నవారిని ఎవరైనా నామినేట్ చేయాలనుకుంటే చూడాల్సిన తలుపు అది.

అవార్డు వస్తే ఊళ్లో ఫ్లెక్సీలు, ఆహ్వాన పత్రికలు వేయిస్తారు కదా. పేరుకు ముందో వెనుకో ‘పద్మశ్రీ’ అని వేయించొద్దు. అది బిరుదు కాదని, పేరుకు తగిలించుకోకూడదని బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు 1995 డిసెంబర్ 15న తీర్పు ఇచ్చింది. అలా వాడితే పురస్కారాన్ని వెనక్కి తీసుకునే వీలు కూడా ఉంది. తెలుగు సినిమా టైటిళ్లలో వాడినందుకు విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ‘పద్మశ్రీ పురస్కార గ్రహీత’ అని విడిగా రెండో వరసలో రాయించండి, ట్రస్టు లెటర్‌హెడ్ మీద కూడా అంతే.